ఇల్లు అడిగితే ఇంటిపేరు అడిగే నగరం

తెలుగువారికి ఇల్లు ఉన్నా లేకున్నా ఇంటిపేరు ఉంటుంది. బడి హాజరు పట్టీలో, హాల్ టికెట్‌పై, నియామక పత్రంలో అది ఒక్క పొడి అక్షరంగా ముడుచుకుని పేరుకు ముందు నిలబడుతుంది. ఆ అక్షరాన్ని విప్పి పూర్తిగా చెప్పమని అడిగే సందర్భాలు ప్రధానంగా రెండు. ఒకటి పెళ్లి సంబంధం, రెండోది అద్దె ఇల్లు. మొదటి సందర్భంలో ఇరుపక్షాలూ పరస్పరం అడుగుతాయి. రెండో సందర్భంలో అడిగేది ఒక్కరే. యజమాని ఇంటిపేరేమిటని తిరిగి అడిగిన అద్దెదారుని నేనింతవరకు చూడలేదు.

టులెట్ బోర్డు చూసి గేటు తట్టిన వారిని కులం పేరెత్తి అడగడం నగర మర్యాద కాదు. అందుకే ఆ ఒక్క ప్రశ్నను ఐదారు ప్రశ్నలుగా విడగొట్టారు. పూర్తి పేరేమిటి? సొంత ఊరేది? నాన్నగారు ఏం చేస్తారు? ఇంట్లో నీచు వండుతారా? ఆదివారాలు ఇంటి దగ్గరే ఉంటారా, ఎక్కడికైనా వెళ్తారా? వీటన్నిటికీ చిక్కని వారి కోసం చివరి ప్రశ్న ఒకటుంది: ‘మీ ఊరు నాకు తెలుసు. ఊళ్లో ఎక్కడ, రామాలయం దగ్గరా, చర్చి దగ్గరా?’ కోస్తా పల్లెల పటం తెలిసినవారికి ఈ ప్రశ్నకు అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఓపిక తక్కువైన యజమానులు ఈ మెట్లన్నీ ఎక్కరు. కోస్తావారైతే ‘మీరేమిట్లు?’ అనీ, తెలంగాణవారైతే ‘మీరేమోళ్లు?’ అనీ నేరుగా అడిగేస్తారు. నా మట్టుకు నాకు ఈ రెండో రకమే నయమనిపిస్తుంది. కనీసం కాలయాపన ఉండదు.

అద్దె ఇంటి వివక్ష గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా స్థిరపడిన కుటుంబాలను దృష్టిలో పెట్టుకుంటాం. నేను ఇక్కడ మాట్లాడదలచుకున్నది జీవితంలో మొట్టమొదటి గది కోసం వెతికే యువతీయువకుల గురించి. మా విద్యార్థులలో చాలామంది ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో సాంఘిక సంక్షేమ హాస్టల్లోనో, గురుకుల పాఠశాలలోనో అడుగుపెట్టి, ఇంటర్, డిగ్రీ, పీజీ అంతా ఏదో ఒక హాస్టల్ మంచం మీదే గడిపినవారు. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పట్టుదలతో బలపడిన ఆ వ్యవస్థ మా తరానికి చదువునే కాదు, కప్పును కూడా ఇచ్చింది. హాస్టల్ స్వర్గమని నేననడం లేదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బహిష్కృతులైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట వేసుకున్న డేరాకు ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. వారిలో రోహిత్ వేముల ఏమయ్యాడో తెలుగు పాఠకులకు గుర్తుచేయనవసరం లేదు. అయినా హాస్టల్‌లో ప్రవేశానికి ఒక నిబంధన ఉంటుంది, జాబితా ఉంటుంది, జాబితాలో పేరు లేకపోతే ప్రశ్నించే హక్కు ఉంటుంది. చివరి పరీక్ష రాసి, నో డ్యూస్ పత్రంపై సంతకాలు పూర్తయిన రోజున ఆ నిబంధన, ఆ జాబితా, ఆ హక్కు ఒకేసారి అంతమైపోతాయి. రాజ్యం తన గొడుగును సరిగ్గా నగరం గేటు దగ్గర మూసేస్తుంది.

గత ఏడాది పీజీ పూర్తిచేసిన మా విద్యార్థినికి మాదాపూర్‌లోని ఒక సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఖమ్మం జిల్లాలో ఒక వ్యవసాయ కూలీ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. మూడు ఆదివారాలు కూకట్‌పల్లి, మియాపూర్ ప్రాంతాల్లో తిరిగి తొమ్మిది ఇళ్లు చూసింది. ఒంటరి ఆడపిల్ల అని రెండు చోట్ల వద్దన్నారు. అది వేరే వ్యాసానికి సరిపడే సంగతి. మిగిలిన ఏడు ఇళ్లలో గది చూపించారు, అద్దె చెప్పారు, నీళ్ల గురించి, కరెంటు బిల్లు గురించి వివరించారు. అన్నిచోట్లా ఇంటిపేరు దగ్గరో, ‘మీ నాన్నగారి పేరు ఏసురత్నమా?’ అనే విస్మయం దగ్గరో సంభాషణ నెమ్మదించింది. ఒక ఇల్లాలు మాత్రం దాచకుండా చెప్పిందట: ‘నాకేం పట్టింపు లేదమ్మా, కానీ మా అత్తగారు పూజ చేసుకుంటారు.’ నాలుగో వారం ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి ఒక సందేహం అడిగింది. తనతో పనిచేసే స్నేహితురాలి పేరు మీద అద్దె ఒప్పందం రాయించుకుని, తాను ఆమె చెల్లెలినని చెప్పుకుంటే చట్టపరంగా చిక్కేమైనా వస్తుందా, సార్?

ఈ ప్రశ్న వయసు నూరేళ్లు దాటింది. 1917లో విదేశీ విద్య ముగించుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరడానికి వెళ్లిన అంబేడ్కర్‌కు ఆ పట్టణంలో గది దొరకలేదు. హిందూ హోటళ్లు తనను రానివ్వవని తెలిసి పారశీకుల సత్రానికి వెళ్లారు. అది పారశీకులకు మాత్రమే. అక్కడి నిర్వాహకుడు, ఆయన ఒక ఒప్పందానికి వచ్చారు. పద్దు పుస్తకంలో పారశీక పేరు రాసుకుని, రోజుకింత చెల్లించి, ఆ చీకటి మేడగదిలో ఆయన ఉండాలి. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న గుంపు మెట్లెక్కి వచ్చింది. ఆశ్రయం కోసం అంబేడ్కర్ ఇద్దరు మిత్రులను అడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. నువ్వు వస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారని ఒకరు, నా భార్యను అడిగి చెప్పాలని మరొకరు అన్నారు. ఊరి తోటలో కొన్ని గంటలు కూర్చుని, ఆ రాత్రి రైలెక్కి ఆయన బొంబాయి వెళ్లిపోయారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయన రాసుకున్న ఈ వృత్తాంతాన్ని మనం సాధారణంగా ఒక మహనీయుడు భరించిన అవమానంగా చదువుతాం. నేను మా తరగతి గదిలో దానిని గృహ విపణి పాఠంగా చెబుతాను. కొలంబియాలో చదువుకున్న మనిషికి, చేతిలో డబ్బు, సంస్థాన ప్రభుత్వ ఉద్యోగం ఉన్న మనిషికి గది దొరకకపోవడం పేదరికం వల్ల కాదు. తలుపు తెరిపించిన ఒకే ఒక సాధనం మారుపేరు. మా విద్యార్థిని అడిగింది కూడా అదే. ‘పనివాళ్లు వెళ్లిపోతారు’, ‘అత్తగారు పూజ చేసుకుంటారు’ అన్న మాటల మధ్య పోలికను కూడా గమనించాలి. నిరాకరించేవారు ఎప్పుడూ మరొకరి తరఫునే నిరాకరిస్తారు.

మారుపేరు వద్దని ఆ అమ్మాయికి చెప్పడం నాకు సులభం. సొంత ఇంట్లో కూర్చుని చెబుతున్నాను కదా. ఆమె ప్రస్తుతం నలుగురుండే ఒక ప్రైవేటు మహిళా హాస్టల్ గదిలో మంచానికి అద్దె కడుతోంది. పగలు కంపెనీలో ఎంత గౌరవం పొందినా, రాత్రికి మళ్లీ హాస్టల్ అమ్మాయే. పదకొండేళ్ల వయసులో ఎక్కిన మంచం ఇరవై నాలుగేళ్లు వచ్చినా దిగలేకపోతోంది.

నా సంగతీ ఒకటి చెప్పాలి. నేను గుంటూరు జిల్లాలో ఒక గూడెంలో పుట్టినవాణ్ని. 2008లో పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష పూర్తయి, హాస్టల్ ఖాళీ చేసి, పెళ్లయిన నాలుగు నెలలకు హబ్సిగూడలో ఒక ఇంటి పైపోర్షన్ చూశాం. యజమాని విశ్రాంత ప్రభుత్వాధికారి, చదువరి. గ్రామీణ రుణాలపై నేను చేసిన పరిశోధన గురించి ఆసక్తిగా అడిగారు. ఇంటిపేరు చెప్పగానే ఆయన ముఖం వికసించింది. ‘అరె, మావాళ్లలోనూ ఉంది ఆ ఇంటిపేరు!’ అన్నారు. తెలుగు నేలమీద ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉండటం కొత్త కాదు. కాఫీ వచ్చింది, టోకెన్ అడ్వాన్సుగా వెయ్యి రూపాయలు తీసుకున్నారు, శ్రావణ మాసంలో చేరితే మంచిదని సలహా కూడా ఇచ్చారు. మూడో రోజు ఫోన్ చేసి రమ్మని, వాకిట్లోనే ఆ వెయ్యి చేతిలో పెట్టి, ‘మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు, పైన వాడే ఉంటాడు’ అన్నారు. మధ్యలో ఆ రెండు రోజుల్లో ఎవరి ద్వారా విచారించారో ఊహించగలను. దసరా దాకా ఆ గేటుకు బోర్డు వేలాడుతూనే ఉంది. ఆ ఏడాది మేము చూసిన ఇళ్లలో ఇది పన్నెండోది. పదిహేడోది దొరికింది. దాని యజమాని ఏమీ అడగలేదు. మూడు నెలల అద్దె ముందుగా కావాలన్నారు, అంతే. ఆయన ఏ కులమో నేను కూడా అడగలేదు.

ఇవి వ్యక్తిగత అనుభవాలు, వీటి నుంచి సాధారణ సూత్రాలు తీయకూడదని నా సహోద్యోగులు కొందరు అంటారు. సరే, లెక్కలు చూద్దాం. సుఖదేవ్ థోరట్, అనురాధ బెనర్జీ, వినోద్ మిశ్రా, ఫిర్దౌస్ రిజ్వీ ఢిల్లీ రాజధాని ప్రాంతంలో చేసిన అధ్యయనం 2015లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వెలువడింది. పద్ధతి సరళమైనది. చదువు, ఉద్యోగం, ఆదాయం ఒకేలా ఉండి, పేరులో మాత్రమే తేడా ఉన్నవారు ఒకే ఇంటి కోసం అడుగుతారు. ఫోన్ దశలోనే ముస్లింలలో 31 శాతం మందికి, దళితులలో 18 శాతం మందికి ఇల్లు లేదన్న సమాధానం వచ్చింది. అగ్రవర్ణ హిందువుల పేర్లతో అడిగినవారికి దాదాపు అందరికీ ఉందన్నారు. ఉందని చెప్పిన చోట కూడా దళితులలో కొందరికి అదనపు అద్దె, అదనపు షరతులు ఎదురయ్యాయి. పేరు ఒక్కటే మారినప్పుడు సమాధానం మారితే, దానికి కారణం పేరు కాక మరేమిటి? ముస్లిం యువకుడి పరిస్థితి ఇంకా కఠినమని ఈ అంకెలే చెబుతున్నాయి. అతని ఇంటిపేరు అడగాల్సిన అవసరం కూడా రాదు, పేరు దగ్గరే తలుపు మూతపడుతుంది.

మన నగరాలలో ఈ నిరాకరణకు దొరికిన మర్యాదపూర్వకమైన ముసుగు ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మాంసాహారులు 98 శాతం పైనే. అంటే ఈ బోర్డును అక్షరాలా పాటిస్తే ఆ గదికి నూటికి ఇద్దరు కూడా అర్హులు కారు. ఏ యజమానీ ఇంత నష్టానికి సిద్ధపడి బోర్డు పెట్టడు. తన వంటగదిలోకి మాంసం రానివ్వని కుటుంబం తన గోడల మధ్య ఆ వాసన వద్దనుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ ఆదివారం ఉదయం మటన్ దుకాణం ముందు వరుసలో నిలబడే యజమానుల ఇళ్లకు కూడా ఈ బోర్డు ఉంటోంది. అక్కడ అది నిషేధం కాదు, బేరానికి ముందు తీసుకునే వీలు. తనవాడు వస్తే ‘మన ఇళ్లలో మామూలే కదా’ అని నవ్వేయవచ్చు. గూడెం వాడు వస్తే బోర్డు చూపించవచ్చు. నిజానికి వారి భయం మాంసం మీద కాదు, ఏ మాంసం అన్నదాని మీద. ఆ ప్రశ్న అడగడానికి నోరు రాక బోర్డు రాయిస్తున్నారు.

ఈ మధ్య బ్రోకర్లు ఈ పనిని ఇంకా నాగరికంగా మార్చారు. కమిషన్ మాట్లాడకముందే కులం అడుగుతారు. తప్పుగా అనుకోవద్దంటూ, ఎంతో దయగా: ‘అక్కడికి వెళ్లి మాట పడటం ఎందుకు సార్, మీకు సరిపడే ఏరియాలో చూపిస్తా.’ మీకు సరిపడే ఏరియా! ఊరిలో దక్షిణాన ఉన్న వాడను నగరం ఇలా కమిషన్ తీసుకుని తిరిగి కట్టిస్తోంది. అంతకంటే విచారకరం, ఆ దయను మనవాళ్లు కృతజ్ఞతతో స్వీకరించడం. మూడుసార్లు అవమానపడిన తండ్రి నాలుగోసారి కొడుకుతో తానే అంటాడు, ‘మనవాళ్లుండే చోటే చూసుకో నాయనా’ అని. ఆ మాటలో రాజీ మాత్రమే లేదు. కడుపుకోత ఉంది, లెక్క కూడా ఉంది. ఉద్యోగానికి దూరమైన ఏరియా అంటే రోజుకు మూడు గంటల ప్రయాణం. పదోన్నతి కోసం రాయాల్సిన పరీక్షకు చదివే మూడు గంటలు అవే.

చదువుకోవడానికి నగరానికి వచ్చిన పిల్లవాడికి మొదటి గది ఎంత ముఖ్యమో ఆధిపత్య కులాలకు మనకంటే వందేళ్ల ముందే తెలుసు. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. రాజబహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో వచ్చిన ఆ వసతి గృహం నిర్వహణను సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం చూశారు. ఉర్దూ రాజ్యమేలుతున్న నగరంలో తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులకు అది తెలుగు నీడ. దానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తెలంగాణ వైతాళికుల చరిత్ర రాసేవారెవరూ ఆ హాస్టల్ పేరు రాయకుండా ఉండలేరు. నేను గుర్తుచేస్తున్నది ఒక్కటే. ప్రతిభతో పైకొచ్చామని చెప్పుకునే కుటుంబాల వెనుక, మూడు తరాల కిందట ఎవరో తలుపు తీసి ఇచ్చిన ఒక గది ఉంది. ఆ గది ఇచ్చినప్పుడు దానిని ఎవరూ రిజర్వేషన్ అనలేదు.

ఇక చట్టం. చాలామంది న్యాయవాదులకు కూడా గుర్తులేని సంగతి, అద్దె నిరాకరణకు వర్తించే నిబంధన మనకు 1955 నుంచీ ఉంది. అస్పృశ్యతా నేరాల చట్టంగా పుట్టి 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మార్చుకున్న శాసనంలోని 4వ సెక్షన్, ఏ ప్రాంతంలోనైనా నివాస గృహాన్ని నిర్మించుకోవడంలో, సంపాదించుకోవడంలో, అందులో నివసించడంలో అస్పృశ్యత కారణంగా ఆటంకం కలిగించడాన్ని నేరంగా ప్రకటించింది. ఆ యజమాని మనసులో ఏముందో ఎలా రుజువు చేస్తామన్న ప్రశ్నకు 12వ సెక్షన్ జవాబు చెబుతుంది. బాధితుడు షెడ్యూల్డ్ కులస్థుడైతే, కాదని రుజువయ్యేంతవరకు, ఆ పని అస్పృశ్యత కారణంగానే జరిగిందని న్యాయస్థానం భావించాలి. ఇంత పదునైన నిబంధన డెబ్బై ఏళ్లుగా ఒరలోనే తుప్పుపట్టింది. నేను అడిగిన న్యాయవాదులలో ఒక్కరూ అద్దె ఇంటి విషయంలో దానిని వాడినవారు కారు. కారణాలు ఊహించలేనివి కావు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కి, ఏళ్ల తరబడి తిరిగి గెలిస్తే యజమానికి పడే జరిమానా వంద నుంచి ఐదు వందల రూపాయలు, శిక్ష నెల నుంచి ఆరు నెలలు. గెలిచినవాడికి మాత్రం గది రాదు. ఉద్యోగంలో చేరాల్సిన తేదీ దగ్గర పడుతున్న ఇరవై మూడేళ్ల కుర్రవాడికి కావలసింది యజమాని జైలుకెళ్లడం కాదు, తాళంచెవి. అత్యాచారాల నిరోధక చట్టం కూడా దళితుణ్ని అతని ఇంటి నుంచి, ఊరి నుంచి వెళ్లగొట్టడాన్ని స్పష్టంగా నేరమంటుంది. లోపలికే రానివ్వకపోవడాన్ని అంత స్పష్టంగా అనదు. వెళ్లగొట్టే అవసరం రాకుండా ముందే జాగ్రత్తపడేవాడికి మన చట్టాలు ఒకరకంగా అనుకూలం.

‘నా ఇల్లు, నా ఇష్టం’ అన్న వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. సొంతింటి మీద మనిషికుండే మమకారం, అపరిచితులంటే ఉండే సంకోచం నిజమైనవే. ఇంటిని తాళం వేసి ఉంచుకోవడం, బంధువులకు ఊరికే ఇవ్వడం యజమాని ఇష్టమే. కానీ గేటుకు బోర్డు కట్టి, ధర చెప్పి, వచ్చినవారందరికీ గది చూపించడం మొదలుపెట్టిన తరువాత అది గృహస్థ ధర్మం కాదు, వ్యాపారం. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో ఉపనిబంధన దుకాణాలలోకి ప్రవేశం విషయంలో కులవివక్షను నిషేధిస్తుంది. అక్కడ దుకాణం అంటే ఏమిటన్న ప్రశ్న 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో వచ్చినప్పుడు అంబేడ్కర్ చాలా విశాలమైన అర్థం చెప్పారు. కోరి వచ్చిన ఎవరికైనా తన సేవను అందించడానికి యజమాని సిద్ధపడే చోటల్లా దుకాణమేనన్నది ఆ వివరణ సారాంశం. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఈ వివరణను ఆధారం చేసుకుని, ప్రైవేటు విద్యాసంస్థలు కూడా ఆ పదం పరిధిలోకి వస్తాయని తీర్పు చెప్పింది. కళాశాల దుకాణమైనప్పుడు టులెట్ బోర్డున్న ఇల్లు ఎందుకు కాదన్నది నా వాదన. దీనికి అడ్డుగా 2005 నాటి జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం తీర్పును చూపుతారు. పారశీకులకు మాత్రమే సభ్యత్వమన్న నిబంధనను సుప్రీంకోర్టు అందులో సమర్థించింది. కానీ అది తమలో తాము కట్టుకున్న సంఘం సభ్యత్వానికి సంబంధించినది. వీధిలో పోయేవారిని బోర్డు పెట్టి పిలిచే ఇంటికి అది పోలిక కాదు.

అద్దె ఇల్లు పూర్తిగా ప్రైవేటు వ్యవహారమని మన రాష్ట్రం కూడా ఎన్నడూ అనుకోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టం, ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారికి తెలియజేయాలనీ, ప్రభుత్వ అవసరాలకు, ఉద్యోగుల నివాసానికి దానిని కేటాయించవచ్చనీ చెప్పింది. తన ఉద్యోగికి గది కావలసినప్పుడు యజమాని ఇష్టాన్ని పక్కన పెట్టగలిగిన రాజ్యం, తన పౌరుడికి కావలసినప్పుడు మాత్రం ఆస్తి హక్కును గౌరవిస్తోంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం సంగతీ ఇంతే. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు, ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి, వివాదాలకు ప్రత్యేక అద్దె న్యాయస్థానం ఉండాలి అంటుంది. మంచివే. కులం, మతం కారణంగా నిరాకరించరాదన్న ఒక్క వాక్యం ఆ ముసాయిదాలో లేదు. ఒప్పందం కుదిరాక వచ్చే తగాదాల గురించి అంత శ్రద్ధ తీసుకున్నవారికి, ఒప్పందమే కుదరనివ్వని తగాదా కనిపించలేదు.

యజమాని అదే ఇంట్లో ఉంటున్నప్పుడు కూడా చట్టం జోక్యం చేసుకోవాలా అన్నది న్యాయమైన సందేహమే. మన నగరాల్లో కింద యజమాని, పైన అద్దెదారు ఉండే ఇళ్లే ఎక్కువ కనుక దీనికి జవాబు చెప్పాలి. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్‌లో అమెరికా చేసిన న్యాయబద్ధ గృహవసతి చట్టం ఈ చిక్కును ఎదుర్కొంది. యజమాని స్వయంగా నివసించే, నాలుగు కుటుంబాలకు మించని ఇళ్లకు మినహాయింపు ఇచ్చింది. అయితే వివక్షతో కూడిన ప్రకటన చేయడాన్ని మాత్రం వారికీ నిషేధించింది. ఆ మినహాయింపును యథాతథంగా తెచ్చుకుంటే ఇక్కడ చట్టానికి మిగిలేది కొన్ని అపార్ట్‌మెంట్లే. అందుకని నేను మినహాయింపును ఒకే కప్పు కింద వంటగది, స్నానాల గది పంచుకునే గదులకే పరిమితం చేస్తాను. ప్రత్యేక ద్వారం ఉన్న పోర్షన్‌కు వర్తింపజేయను. మరో సంగతి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి తన వివక్షా నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది. ఉద్యోగంతో పాటు గృహవసతి కూడా దాని పరిధిలో ఉంది. సియాటిల్‌లో ఒక తెలుగు యజమాని కులం కారణంగా ఇల్లు ఇవ్వకపోతే, అక్కడి తెలుగు అద్దెదారు నగరపాలక యంత్రాంగానికి ఫిర్యాదు చేయగలడు. ఇద్దరూ సెలవులకు హైదరాబాద్ వచ్చి ఇదే వ్యవహారం హబ్సిగూడలో నడిపితే ఫిర్యాదు తీసుకునే కిటికీ లేదు.

ఆ కిటికీని తెరవడానికి కొత్త చట్టం కూడా అక్కరలేదు. రెండు రాష్ట్రాలూ తమ అద్దె చట్టాలలో ఒక నిబంధన చేరిస్తే చాలు: ‘అద్దెకివ్వజూపిన నివాసాన్ని కులం, మతం, ఆహారం కారణంగా ఎవరూ నిరాకరించరాదు. అలాంటి షరతుతో ప్రకటన ఇవ్వరాదు. దళారి ఆ వివరాలు అడగరాదు.’ జైలు వద్దు. ఆరు నెలల అద్దెకు సమానమైన పరిహారం, అరవై రోజుల్లో నిర్ణయం, పౌరహక్కుల చట్టం 12వ సెక్షన్ తరహాలో రుజువు భారం యజమానిపై. పేరు మాత్రమే మార్చి ఇద్దరిని పంపి పరీక్షించే అధికారం అద్దె ప్రాధికార సంస్థకు ఉండాలి. అందుకు పెద్ద బడ్జెట్ అవసరం లేదు, రెండు ఫోన్లు చాలు. విశ్వవిద్యాలయాలు కూడా ఒక పని చేయవచ్చు. హాస్టల్ ఖాళీ చేసే విద్యార్థికి నో డ్యూస్ పత్రంతో పాటు, మొదటి ఆరు నెలల అద్దెకు విశ్వవిద్యాలయమే హామీ అని రిజిస్ట్రార్ సంతకంతో ఒక లేఖ ఇవ్వాలి. దాని మీద విద్యార్థి పేరు, చదివిన కోర్సు, ఉద్యోగం ఉంటాయి. ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంటుంది.